మేక తిన్న పిలుపు బియ్యం

మొన్న ఏకాదశి నాడు మా వీధి మందిరంలో పారాయణం ముగించి, తీర్థం పుచ్చుకుని మెట్లు దిగుతున్నాను. గోడకు ఏడెనిమిది సైకిళ్ళు ఆనించి ఉన్నాయి. విజయనగరంలో ఇప్పుడు సైకిలు కనపడటమే అరుదు. ఇవి సన్నటి చక్రాలవి, కొత్తవి. వాటి తాలూకు పిల్లలు, నెత్తిన హెల్మెట్లతో, మందిరం కుళాయి దగ్గర సీసాల్లో నీళ్ళు పట్టుకుంటున్నారు. రామతీర్థం చూసుకుని, రేపు శ్రీకాకుళం దాటి శాలిహుండం, అక్కణ్ణుంచి ముఖలింగం వెళ్తారట.

అందులో ఒకమ్మాయి ఫోనులో దారి చూపిస్తూ, "అమ్మమ్మా, ఇటేపు ఎత్తులెక్కువుంటాయేటి? మీకు తెలుసా?" అని అడిగింది.

"తెలుసమ్మా. ఆ తోవంతా సైకిలు మీదే తిరిగేను."

పిల్లలు మర్యాదగా నవ్వారు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. నేనూ నొక్కి చెప్పలేదు. కానీ ఇంటికి నడిచినంతసేపూ ఎండిన కొండగడ్డి వాసన, దాంతో కలిసి మేకల వాసన నా ముక్కుకు తగులుతూనే ఉన్నాయి.

మాది ఆమదాలవలసకు మూడు కోసుల దూరంలో ఒక వరిచేల ఊరు. తాతయ్య పగలు నాగలి పట్టేవాడు, సాయంత్రం గ్రంథం పట్టేవాడు. శనివారం శనివారం రామమందిరంలో ఆయన చదివి అర్థం చెబుతుంటే ఊరంతా కూర్చుని వినేది. నాకు అక్షరాలు వచ్చింది బడిలో కాదు. ఆ మందిరంలో, తాతయ్య వేలి కింద కదిలే పెద్దచ్చు అక్షరాల్లో. మట్టి ఇంకిన ఆ వేలి గోరు ఏ మాట మీద ఆగితే ఆ మాట నేను పలకాలి. తప్పు పలికితే వేలు కదిలేది కాదు. అంతే శిక్ష.

దేవుడంటే నాకు భయం కంటే ముందు చుట్టరికం తెలిసింది. దానికి కారణం మా ఇంటి ఆచారం ఒకటి.

మా ఇంట్లో పెళ్ళి కుదిరితే మొదటి పిలుపు మనుషులకు కాదు, నలుగురు దేవుళ్ళకు. అరసవల్లి సూర్యనారాయణుడికి, శ్రీకూర్మంలో కూర్మనాథుడికి, ముఖలింగంలో శివుడికి, ఆఖరున రామతీర్థం రాముడికి. పసుపు కలిపిన అక్షింతల మూట తీసుకెళ్ళి, ఒక్కో గుడిలో గుప్పెడు స్వామి పాదాల దగ్గర పెట్టించి, చుట్టాలను పిలిచినట్టే నోటితో పిలవాలి. ఆ బియ్యాన్ని మా ఇంట్లో పిలుపు బియ్యం అనేవారు. పిలిచేది ఇంటి ఆడపిల్ల, ఇంకా పెళ్ళికానిది అయి ఉండాలి. బస్సెక్కకూడదు. ఎవరైనా అడిగితే తాతయ్య, "పిలవడానికెల్లేవోడికి సెమట పట్టాల. సెమట పట్టకుండా పిలిస్తే అది పిలుపు కాదు, కబురు" అనేవాడు.

మూటకు మూడు నియమాలు. నేల తాకకూడదు. తోవలో విప్పకూడదు. అందులో విరిగిన గింజ ఒక్కటి కూడా ఉండకూడదు.

నాకు పదకొండేళ్ళప్పుడు మా మేనత్త పెళ్ళి కుదిరింది. మా నాన్నకు చెల్లెలు, తాతయ్యకు ఒక్కతే కూతురు. అంతకు ముందు ఆమెకు రెండు సంబంధాలు తాంబూలాల దాకా వచ్చి తప్పిపోయాయి. రెండుసార్లూ దేవుళ్ళను పిలిచే ఉన్నారు. రెండోది తప్పాక అత్త వాకిట్లో ముగ్గు వేయడం మానేసింది. వీధిలో ఆడవాళ్ళు నీళ్ళకు వెళ్తూ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పలేక. ఈ మూడో సంబంధం విజయనగరం వైపుది. అబ్బాయి జనపనార మిల్లులో పని. ఇది కూడా తప్పితే ఇక ఎవరూ మా గడప తొక్కరని నాయనమ్మ, ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు, గోడతో చెప్పుకునేది.

నాయనమ్మ, మా అమ్మ, వీధిలోని ముత్తైదువులు చేటల్లో బియ్యం పోసుకుని నూకలు తీసి, నిండు గింజలు ఏరారు. పసుపు, నెయ్యి వాసనతో మూట కట్టి నా ఒళ్ళో పెట్టారు. బయల్దేరేటప్పుడు అత్త వీధి గుమ్మం దాకా వచ్చి, నా జడ సర్దుతున్నట్టు వంగి, "ఒలే, బాగా పిలు. ఈపాలి ఆల్లు రావాల" అంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

సైకిలు తొక్కేది మా చిన్నాన్న. తాతయ్య ఆఖరి కొడుకు, ఇరవయ్యేళ్ళవాడు, ఏ పనికైనా నవ్వుతూ ఒప్పుకుని సగంలో వదిలేసే రకం. వెనక క్యారియరు మీద గోనెసంచి మడిచి వేసి నన్ను కూర్చోబెట్టాడు. హ్యాండిలుకు ఒక పక్క చద్దన్నం గిన్నె, ఇంకో పక్క అటుకులు, బెల్లం ఉన్న సంచి. ఊరి పొలిమేర దాటగానే జేబులోంచి బీడీ తీశాడు.

"సిన్నాన్నా, పిలుపుకెల్తన్నప్పుడు బీడీ కాల్సకూడదు."

"నియమాలు మూటకే గుంటా. సైకిలు తొక్కేవోడికి లేవు."

అరసవల్లి చేరేసరికి ఎండ ఇంకా లేతగా ఉంది. నా మొదటి పిలుపు. ఇంటి దగ్గర వంద సార్లు చెప్పుకున్న మాటలు స్వామి ఎదుట మరిచి, దీపాన్నే చూస్తూ నిలబడ్డాను. చిన్నాన్న మోచేత్తో పొడిస్తే గడగడా అనేశాను: "స్వామీ, మా మేనత్త పెళ్ళి. మీరు అమ్మవార్లతో పాటు రావాల. భోజనాలు మా ఇంట్లోనే." చివరి మాట ఎవరూ నేర్పలేదు. పూజారి నవ్వి, గుప్పెడు బియ్యం అందుకుని పాదాల దగ్గర పెట్టాడు.

శ్రీకూర్మంలో రెండో పిలుపు సాఫీగా సాగింది. గుడి వెనక తాబేళ్ళకు తోటకూర పెడుతూ, స్వామి చుట్టాలు కదా అని వాటినీ ఒక్కొక్కదాన్నే పిలిచాను. "అవి ఇప్పుడు బయల్దేరితే మీ అత్త పిల్లల పెల్లికి సేరతాయి" అన్నాడు చిన్నాన్న. ఆ రాత్రి అక్కడే మా దూరపు బంధువుల ఇంట పడుకున్నాం.

మర్నాడు నేరుగా ముఖలింగం తోవ పట్టాలి. చిన్నాన్న కళింగపట్నం వైపు తిప్పాడు. సముద్రం చూడాలని అతనికి చిన్నప్పటినుంచీ కోరికట. ఇసుకలో పరిచిన ఎండుచేపల వాసన మూటకు పట్టకుండా దాన్ని నా పరికిణీ కుచ్చెళ్ళలో దాచుకుని, ముక్కు మూసుకుని సముద్రాన్ని చూశాను. అందుకే నాకు సముద్రం అంటే ఇప్పటికీ సగం ఊపిరితో చూసినదే గుర్తు. అక్కణ్ణుంచి వంశధార పక్కనే వెనక్కి వస్తూ, మనుషులు లేని చోట్ల చిన్నాన్న నాకు సైకిలిచ్చేవాడు. నేను ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి సగం సగం తొక్కుతుంటే అతను మూటను నెత్తిన పెట్టుకుని పక్కన పరిగెత్తేవాడు. జీడితోటల్లో రాలిన పళ్ళు తిని ఇద్దరికీ గొంతులు గీరుకుపోయాయి.

మధ్యాహ్నానికి శాలిహుండం కొండ కిందకు చేరాం. సైకిలు కింద పెట్టి మెట్లెక్కాం. పైన ఎక్కడ చూసినా ఇటుకలే. బండిచక్రాల్లా గుండ్రంగా పేర్చిన ఎర్రటి పాత ఇటుకలు, వాటి మధ్య మోకాలెత్తు గడ్డి, కింద వంశధార, దూరాన తెల్లటి గీతలా సముద్రం. చిన్నాన్నకు బడిలో మేష్టారు చెప్పిన సంగతులు కొన్ని గుర్తున్నాయి.

"ఇది బుద్ధుడి సోటు. ఎప్పుడో రాజుల కాలంలో సన్నేసులు ఉండీవోరు."

"మరి ఆయన్నీ పిలవాలేటి?"

"పెల్లాన్నొదిలేసి ఎల్లిపోనాయన్ని పెల్లికి పిలుస్తావా? మీ అత్త సంబంధం నువ్వే సెడగొట్టీలాగున్నావు."

ఇద్దరం నవ్వుకున్నాం. గుండ్రటి ఇటుక గట్టు చుట్టూ ఒంటికాలి మీద ఎవరు ఎక్కువసేపు గెంతగలరో పందెం వేసుకున్నాం. ఒళ్ళో మూటతో గెంతడం కుదరదు. నేను ఆలోచించాను. నియమం నేల తాకకూడదని. ఇటుకలు నేల కాదు. అంత పాతకాలం ఇటుకలైతే అసలే కాదు. మూటను గట్టు మీద పెట్టి గెంతడం మొదలుపెట్టాను.

రెండు చుట్లు తిరిగి వచ్చేసరికి గట్టు మీద గుడ్డ మాత్రమే ఉంది. దాని మీద ఒక నల్ల మేక ముందుకాళ్ళు పెట్టి నిలబడింది. దాని మూతి నిండా పసుపు.

చిన్నాన్న అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. మేక కదల్లేదు. మిగిలిన నాలుగు గింజలు కూడా నాకి, గుడ్డ అంచు నములుతూ మా వైపు చూసింది. నాకు ఏడుపు కూడా రాలేదు. రెండు సంబంధాలు, అత్త చల్లటి వేళ్ళు కళ్ళ ముందుకొచ్చాయి. మూడోది నా వల్ల పోయింది.

మేకల తాలూకు మనిషి గట్టు వెనక నుంచి వచ్చింది. నాయనమ్మ కంటే పెద్దది. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు, ముతక చీర. చేతిలో కర్ర. చిన్నాన్న సంగతి చెబితే కర్ర కింద పడేసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఓలమ్మా. దేవుడి బియ్యం తినీసినాదా ఈ ముండమేక. బాబూ, కొట్టకండి, సూలుతో ఉన్నాది. నా ఇంట్లో బియ్యం ఉన్నాయి. అయిస్తాను, అట్టుకుపోండి."

కొండ కింద తాటాకు గుడిసె. మేకల వాసన, చోడంబలి పులిసిన వాసన. అవ్వ మాకు ముందు అంబలి పోసింది, ఉల్లిపాయ చితక్కొట్టి ఇచ్చింది. అప్పుడు మూల ఉన్న కుండ దింపింది. అందులో మూడు సోలల బియ్యం ఉంటాయేమో. రోలులో దంచినవి, సగానికి సగం నూకలే. చేటలో పోసి నా ముందు పెట్టి తాను రెండడుగులు వెనక్కి వెళ్ళి కూర్చుంది.

"ఏరుకో తల్లీ. పెల్లి బియ్యానికి నా సెయ్యి తగలకూడదు."

నేను ఏరుతూ కూర్చున్నాను. ఒక్కొక్క గింజ వెలుతురుకు పెట్టి చూసి, మూటగుడ్డ మీద వేస్తున్నాను. చాలా సేపటికి నా గుప్పెట్లో సగం కూడా కాలేదు. చిన్నాన్న ఏరినవి చూస్తే వాటిలో మూడోవంతు విరిగినవే. ఎండ గుడిసె గుమ్మం దాటి అవతలికి పోయింది. అవ్వ మా చేతులనే చూస్తూ కూర్చుంది. ఆమె వేళ్ళు ఒడిలో వాటంతటవే కదులుతున్నాయి.

"నువ్వూ ఏరీయే అవ్వా. మాకు ఇది పొద్దుగూకినా అవ్వదు" అన్నాడు చిన్నాన్న.

"తప్పు బాబూ."

"ఎవులు సూసేరు? నాను సెప్పను. ఈ గుంటా సెప్పదు. ఆ మేక సెప్పదు."

అవ్వ నా ముఖంలోకి చూసింది. నేను ఏమీ అనలేదు. అనకపోవడమే ఒప్పుకోవడం అని నాకు తెలుసు. ఆమె లేచి వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చింది. కూర్చుని చేట ఒకసారి ఎగరేసింది, అంతే, నూకలు ఒక పక్కకు చేరాయి. చూపు సరిగా ఆనని మనిషి, వేలి కొసతో తడిమి విరిగిన గింజను విరిగిందని చెప్పేసేది. అరగంటలో నిండు గింజలు రెండు గుప్పెళ్ళకు పైగా అయ్యాయి. మేకల పుండ్లకు రాయడానికని దాచిన పసుపుకొమ్ము రాతి మీద అరగదీసి, నీళ్ళతో కలిపింది. నెయ్యి లేదు. మూట కట్టేటప్పుడు మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వు కట్టు తల్లీ. పెల్లికూతురు సల్లగుండాల" అంది.

వంశధార వంతెన దాటి ముఖలింగం చేరేసరికి మర్నాటి ఉదయం. ఆ రాతిమీద చెక్కిన బొమ్మలు, ఆ పెద్ద లింగం, ఇప్పుడు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఆ రోజు నేనేమీ చూడలేదు. పూజారి చేతిలో పోస్తున్న గింజలనే చూశాను. ఇంటికెళ్ళి రెండు రోజులాగి రామతీర్థం వెళ్ళాం. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి, చిన్నాన్న వెనక నడుస్తూ, దూరాన నల్లటి ఏకరాతి కొండ కనపడగానే నేను వెనకబడిపోయాను. మిగిలిన ముగ్గురూ పిలిస్తే వచ్చే దేవుళ్ళు. రాముడు ఇంటి దేవుడు. ప్రతి శనివారం మమ్మల్ని చూస్తూనే ఉంటాడు. ఆయన ఎదుట నేర్చుకున్న మాటలేవీ రాలేదు. "స్వామీ, బియ్యం మారిపోయాయి. అయినా నువ్వు రా" అని మాత్రం లోపల అనుకున్నాను.

ఇంటికి రాగానే తాతయ్య అరుగు మీద కూర్చుని, ఆచారం ప్రకారం మూడు ప్రశ్నలు అడిగాడు.

"మూట నేల తాకిందా?"

"లేదు తాతా."

"తోవలో విప్పేరా?"

"మేం విప్పలేదు తాతా."

"విరిగిన గింజ పడిందా?"

"ఒక్కటీ లేదు తాతా."

మూడూ నిజాలే. ఆ మూడు నిజాలతో నేను చెప్పినంత పెద్ద అబద్ధం మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. పక్కన చిన్నాన్న సైకిలు చక్రం తిప్పి చూస్తూ, చువ్వలు లెక్కపెడుతున్నట్టు నటించాడు.

ఆ వారం పెళ్ళికొడుకు ఇంటినుంచి ఉత్తరం వచ్చింది. ముహూర్తం సంగతి మాట్లాడాలి, శనివారం పెద్దవాళ్ళు వస్తున్నారు అని రెండే ముక్కలు. కిందటి రెండుసార్లూ సరిగ్గా ఇలాగే రెండు ముక్కల ఉత్తరాలే వచ్చాయి. నాయనమ్మ పొయ్యి ముందు కూలబడింది. పందిరికి కొట్టి తెచ్చిన తాటాకులు దొడ్లో అలాగే పడి ఉన్నాయి. అత్త కొత్త చీరలు తీసి, మడతలు సరిచేసి, మళ్ళీ పెట్టెలో అడుక్కు పెట్టేసింది. అది చూశాక నాకు ముద్ద మింగుడు పడలేదు. కంచం ముందు కూర్చుంటే నల్ల మేక మూతి కనపడేది.

శుక్రవారం మధ్యాహ్నం తాతయ్య కళ్ళంలో కూర్చుని పగ్గం పేనుతున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"తాతా, అత్త పెల్లి నావల్లే పోతన్నాది."

మొత్తం చెప్పాను. ఇటుకలు, మేక, గుడిసె, నూకలు, గాజుల్లేని చేతులు, పసుపుకొమ్ము. మధ్యలో ఒక్కసారే అడిగాడు: "ఆవిడ సెయ్యి ఎట్టనన్నాదా?"

"ముందు ఎట్టనన్నాది. మేమే ఎట్టించేం."

పగ్గం సగంలో వదిలేసి లేచాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మందిరం వైపు వెళ్ళిపోయాడు. సాయంత్రం దీపం పెట్టడానికి వెళ్తే గ్రంథాలన్నీ చుట్టూ పరుచుకుని కూర్చున్నాడు. ఆయన వేలు ఒక్కో పుట మీద నడుస్తోంది, ఎక్కడా ఆగడం లేదు. నన్ను పిలవలేదు. ఆ వేలు నా కోసం ఇక ఎప్పటికీ కదలదని అనుకున్నాను.

శనివారం ఉదయం పెళ్ళికొడుకు మేనమామ, ఇంకో పెద్దమనిషి వచ్చారు. కాళ్ళు కడుక్కోక ముందే మేనమామ చేతులు జోడించాడు.

"బావా, ఏటీ అనుకోవద్దు. మా ఇంట్లో పురుడొచ్చింది. పెల్లికొడుకు వదిన, ఏడో నెలలోనే కనీసింది. మగబిడ్డ. ఇద్దరూ బాగున్నారు. పది రోజులు మైల కదా, ముహూర్తం ఆ తరవాతికి జరపాల. ఉత్తరంలో పురుడని రాస్తే మైల కబురు ఇంట్లోకి పంపినట్టవుద్దని మా అప్ప, పెల్లికొడుకు తల్లి, రాయనివ్వలేదు. అందుకే నానొచ్చేను."

నాయనమ్మ ఏడుస్తూ నవ్వింది. మా నాన్న తాటాకులు కదపడానికి దొడ్లోకి పరిగెత్తాడు. పానకం కలిపారు. వచ్చినవాళ్ళు భోంచేసి వెళ్ళిపోయారు. అత్త గదిలోకి వెళ్ళి పెట్టె తెరిచిన చప్పుడు విన్నాను. నేను గోడకు ఆనుకుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఇక మేక సంగతి ఎవరికీ అక్కర్లేదనుకున్నాను.

అందరూ ఉన్నప్పుడే తాతయ్య అన్నాడు: "ఒక పిలుపు మిగిలిపోనాది."

చిన్నాన్న మెల్లగా లేచాడు. "ఒరే, కూకో" అన్నాడు తాతయ్య, తల తిప్పకుండానే. జరిగిందంతా తనే చెప్పాడు, నేను చెప్పినదానికి ఒక్క మాట ఎక్కువ, తక్కువ లేకుండా.

నాయనమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసింది. "బొట్టు లేని మనిసి ఏరిన బియ్యం స్వామి పాదాల కాడ ఎట్టేరా? ముందు శాంతి సేయించండి. ఇప్పుడా మనిసిని పందిట్లోకి పిలుస్తానంటారా? మతి గాని పోనాదేటి మీకు?"

"నిన్న గ్రంథాలన్నీ సూసేను. గింజ విరక్కూడదని ఉన్నాది. ఏరిన సెయ్యి ఎవులిదో ఎక్కడా రాయలేదు. ఇన్నేళ్ళు ఊరందరికీ సదివి సెప్పేను. నాకే అగపడలేదు." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "దేవుళ్ళని పిలవడానికి తన కూటి బియ్యం ఇచ్చింది. ఆవిణ్ణి పిలవకుండా వచ్చీసేరు ఈల్లిద్దరూ. తప్పు అదీ."

"నలుగురూ ఏటంటారు?"

గుమ్మంలోంచి అత్త మాట వినపడింది. ఇంట్లో అంత గట్టిగా ఆమె మాట్లాడి చాలా రోజులయ్యింది.

"మొదటి రెండుపాల్లూ బియ్యం ముత్తైదువులే ఏరేరు కదమ్మా. ఏటయ్యింది? ఈపాలి ఆవిడేరింది. పెల్లికొడుకింట్లో బిడ్డ పుట్టేడు."

నాయనమ్మ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు తాతయ్యే సైకిలు తీశాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత తొక్కుతున్నాడు. నేను వెనక క్యారియరు మీద, ఒళ్ళో కొత్త మూట. చిన్నాన్న అద్దె సైకిలు మీద మా వెనక. తాతయ్య ఒక్కో తొక్కుకు ఒక్కో నామం చొప్పున నెమ్మదిగా అనుకుంటూ తొక్కాడు. ఎత్తుల్లో నామాలు తెగిపోయి ఊపిరి మాత్రం మిగిలేది. పల్లంలో తరుముకొచ్చినట్టు వరసగా వచ్చేసేవి. శాలిహుండం చేరేసరికి ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

అవ్వ గుడిసె ముందే ఉంది. నన్ను గుర్తుపట్టి, ఆయన్ను చూసి, తిట్టడానికి వచ్చారనుకుని లేచి నిలబడింది. తాతయ్య గుడిసె గుమ్మంలో నిలబడి, గుడిలో నేను చెప్పిన మాటలే చెప్పాడు. మా ఇంట పెళ్ళి, తమరు రావాలి, భోజనాలు మా ఇంట్లోనే. అక్షింతలు ఆమె చేతికి ఇవ్వబోతే ఆమె చీర కొంగు వెనక్కి లాక్కుంది.

"నానేటి, పెల్లికేటి బాబూ. మేకల్నెవులు కాస్తారు?"

"మావోడు కాస్తాడు" అన్నాడు తాతయ్య.

చిన్నాన్న సైకిలు స్టాండు వేస్తున్నవాడు వేస్తున్నట్టే ఆగిపోయాడు. "అయ్యా, సెల్లి పెల్లి..."

"సెల్లి పెల్లే. ఆ బియ్యం తిన్న మేకని నువ్వే సూసుకో. ఈనిందంటే దగ్గరుండు."

అవ్వ మొదటిసారి నవ్వింది. "ఈన్లేదు బాబూ. మీవోడొచ్చీదాకా ఆగుద్ది" అంది. అప్పుడు కొంగు పట్టింది.

పెళ్ళిరోజు పొద్దున్నే మా నాన్న వెళ్ళి ఆమెను సైకిలు మీద తీసుకొచ్చాడు. కాసేపటికి చూస్తే పందిట్లో లేదు. వెతుక్కుంటూ వెళ్తే పశువులశాలలో మా పెయ్యదూడ మెడ గోకుతూ కూర్చుంది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ముందు చాప మీద, మా నాయనమ్మకు నాలుగు బారల దూరంలో కూర్చోబెట్టాను. పక్కనున్న ఆడవాళ్ళు కొంచెం సర్దుకున్నారు. ఒకరిద్దరు లేచి వెనక్కి వెళ్ళారు. తాతయ్య ఎటూ చూడకుండా, పంతులుగారి మంత్రాలతో పాటు పెదవులు కదుపుతూ కూర్చున్నాడు.

తలంబ్రాలయ్యాయి. పెద్దల ఆశీర్వచనం. అత్త అమ్మానాన్నల కాళ్ళకు దండం పెట్టింది. తర్వాత, కొత్త భర్త చెయ్యి పట్టుకుని లాగినట్టే నడిపించి, అవ్వ ముందు వంగింది. అవ్వ గుప్పెట్లో అక్షింతలున్నాయి. చెయ్యి పైకెత్తింది. గుప్పెట తెరుచుకోలేదు. డోళ్ళు, సన్నాయి మోగుతూనే ఉన్నాయి. ఎంతసేపు గడిచిందో. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అత్త తల ఎత్తకుండానే, అందరికీ వినపడేలా అంది: "అవ్వా, బేగి ఎయ్యి. మెడ నొప్పెడతన్నాది."

ఎవరో నవ్వారు. పెళ్ళికొడుకే అనుకుంటాను. అవ్వ కూడా నవ్వింది, ఆ నవ్వులోనే చెయ్యి తెరుచుకుంది. చెమటకు అరచేతికి అంటుకుపోయిన గింజలను ఇంకో చేత్తో దులిపి మరీ వేసింది. నాయనమ్మ లేచి, తన పళ్ళెంలోంచి ఇంకో గుప్పెడు అవ్వ చేతిలో పోసి వెళ్ళి కూర్చుంది.

అప్పుడు నాకు ఆకలి వేసింది. అన్ని రోజుల ఆకలీ ఒక్కసారిగా. మొదటి పంక్తిలోనే ఆకు ముందు కూర్చుని, అవ్వను నా పక్కన కూర్చోబెట్టుకుని, పులిహోర, గారెలు, ఆవపెట్టిన పనసకాయ కూర, గుమ్మడికాయ దప్పళం, ఏది వడ్డిస్తే అది తిన్నాను. చిన్నాన్న మర్నాడు వచ్చాడు, ఒళ్ళంతా మేకవాసనతో. తన వాటా బూరెలు దాచారా లేదా అన్నది మొదటి మాట. మేక ఈనలేదట, కానీ రాత్రంతా అతన్ని పడుకోనివ్వలేదట.

ఆ తర్వాతి ఏళ్ళలో తాతయ్య, అవ్వ, అత్త, చిన్నాన్న, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆ పిలుపులు చెయ్యడానికి ఇప్పుడు కారుంది, కారు తోలేవాళ్ళున్నారు. మా ఇంట తర్వాత జరిగిన ప్రతి పెళ్ళికీ దేవుళ్ళను పిలుస్తూనే ఉన్నాం. ప్రతిసారీ వచ్చారనే నమ్మాను. నమ్మకం లేనిదే నాకు పూట గడవదు. ఆ ఒక్క పెళ్ళికి మాత్రం నమ్మాల్సిన పని పడలేదు. నా పక్కనే, ఆకు ముందు కూర్చుని, పనసకాయ కూర మారు వడ్డించుకుని తినడం కళ్ళారా చూశాను.